కోస్టారికాకు వ్యవసాయ అధ్యయన యాత్ర: ఏం చూడాలి, ఏం అడగాలి

బీఎస్సీ అగ్రికల్చర్ మూడో సంవత్సరంలో ఉన్న మీకు మధ్య అమెరికాలోని కోస్టారికాలో సుస్థిర సాగును చూసి వచ్చే అవకాశం దొరికిందనీ, ఖర్చులో సగం ఇంటివారు పెట్టుకోవలసి ఉన్నందున అది నిజంగా పనికివస్తుందా అన్న సందేహంలో ఉన్నారనీ రాశారు. అమెరికాలో ఎమ్మెస్ చదివే రోజుల్లో నేను మా తరగతితో కలిసి ఆ దేశానికి వెళ్ళాను. వెళ్ళమనే నా సలహా. అయితే అక్కడి పద్ధతులను చూసి మెచ్చుకుని రావడంతో సరిపెట్టుకోకండి. ఒక్కొక్క పద్ధతికి ఎంత కూలి పడుతుందో, ఆ ఖర్చు చివరికి ఎవరి మీద పడుతుందో ప్రతి తోటలోనూ అడిగి తెలుసుకోండి.

నాకు ఎక్కువ నేర్పింది టురియాల్బా. సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున, ఏడాదికి దాదాపు 2,600 మిల్లీమీటర్ల వాన పడే ఆ ప్రాంతంలో కాటియే అనే ఉష్ణమండల వ్యవసాయ పరిశోధన, విద్యా కేంద్రం ఉంది. కాఫీని పూర్తి ఎండలోనూ, రకరకాల నీడచెట్ల కిందనూ, రసాయన ఎరువులతోనూ, సేంద్రియంగానూ పెంచి పోల్చే దీర్ఘకాలిక ప్రయోగాన్ని అక్కడ 2000లో ప్రారంభించారు. ఆ తోటల్లో ప్రధానంగా కనిపించే నీడచెట్టు పోరో. ఇది ఎరిత్రినా ప్రజాతికి చెందినది, పప్పుజాతి చెట్టు కాబట్టి గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తుంది. ఇంతవరకు మన పాఠ్యపుస్తకాల్లోనూ ఉంటుంది. పుస్తకంలో లేనిది ఆ చెట్టు వెనుక ఉన్న పని. సాధారణంగా ఏడాదికి రెండుసార్లు దాని కొమ్మలు నరికి, ఆ రొట్టను కాఫీ వరుసల మధ్యనే పరుస్తారు. సకాలంలో నరకకపోతే నీడ చిక్కబడి కాపు తగ్గుతుంది, తేమ నిలిచి శిలీంధ్ర తెగుళ్ళు పెరుగుతాయి. మొత్తం కొమ్మలన్నీ కొట్టేస్తే కొన్ని నెలలపాటు నీడే ఉండదు. ఎన్ని కొమ్మలు ఉంచాలన్నది చేయి తిరిగిన పనివాడి కంటిచూపు మీద ఆధారపడిన విద్య అని, అక్కడొక చిన్న రైతు తోటలో చాలాసేపు నిలబడి చూసిన తరువాతే నాకు అర్థమైంది. కలుపు మందు మానేసిన మడుల్లో కలుపు నరకడానికి తనకు కత్తి పట్టే మనిషి దొరకడమే కష్టమని ఆయన చెప్పారు. సేంద్రియ సాగు గురించి అంత సూటిగా మాట్లాడిన వారిని నేను తరగతి గదిలో చూడలేదు.

కాఫీ కోతకాలంలో వెళ్ళగలిగితే మరీ మంచిది. సెంట్రల్ వ్యాలీలో కోతలు ఎక్కువగా నవంబరు నుంచి జనవరి వరకు సాగుతాయి. కోసినవారికి కూలిని దినం లెక్కన కాకుండా, మనవాళ్ళు కుంచంతో ధాన్యం కొలిచినట్టుగా, కహువేలా అనే 20 లీటర్ల కొలతతో కొలిచి ఇస్తారు. 20 కహువేలాలు ఒక ఫనేగా. కోతకు వచ్చేవారిలో నికరాగువా నుంచి వలస వచ్చినవారూ, పనామా సరిహద్దు అవతలి నుంచి కుటుంబాలతో వచ్చే ఎంగోబే ఆదివాసులూ ఎందరో ఉంటారు. 1961లో చేసిన ఒక చట్టం కాఫీ రైతుకూ, పండ్లు కొని శుద్ధి చేసే మిల్లుకూ, ఎగుమతిదారుకూ మధ్య లెక్కలను నియంత్రిస్తుంది. రైతుకు ముందుగా కొంత సొమ్ము అందుతుంది, అమ్మకాలు తేలిన తరువాత తుది ధర కట్టి మిగతాది చెల్లిస్తారు. సుస్థిరత అంటే నేల, నీరు, పక్షులు మాత్రమే అనుకునే విద్యార్థి ఈ చట్టం గురించి తప్పక అడగాలి.

అరటితోటలను కూడా చూడండి. కరీబియన్ వైపున్న లిమోన్ ప్రాంతంలో మైళ్ళ కొద్దీ ఒకే రకం, కావెండిష్. నల్ల సిగటోకా ఆకుమచ్చ తెగులును ఆపడానికి విమానాలతో ఏడాదికి 40కి పైగా సార్లు మందు చల్లే తోటలున్నాయి. 1970ల నాటికి నులిపురుగుల కోసం వాడిన నెమగాన్ అనే మందు వల్ల అక్కడ వేలమంది తోట కూలీలు సంతానం పొందే శక్తిని కోల్పోయారు. ఈ చరిత్ర తెలియకుండా ఆ దేశపు పచ్చదనాన్ని పొగడడం ఆ కూలీలకు అన్యాయం. అదే ప్రాంతంలోని గువాసిమోలో 1990లో మొదలైన ఎర్త్ విశ్వవిద్యాలయం సొంతంగా వాణిజ్య అరటితోట నడుపుతుంది. గెలల తొడుగుల ప్లాస్టిక్‌ను కాలువల్లోకి పోనివ్వకుండా సేకరించి తిరిగి వాడకానికి పంపడం, విద్యార్థులు స్వయంగా పొలం పని చేయడం అక్కడ చూడదగినవి.

కోస్టారికా అడవుల కథ మీరు వినే ఉంటారు. దశాబ్దాలపాటు పశువుల మేత కోసం అడవిని నరికిన ఆ దేశంలో నేడు సగానికి పైగా భూమి మీద మళ్ళీ అడవి ఉంది. 1996 అటవీ చట్టం ప్రకారం, చెట్లను కాపాడే భూయజమానులకు ప్రభుత్వం సొమ్ము చెల్లిస్తుంది, దానికి నిధి ముఖ్యంగా ఇంధనంపై పన్ను నుంచి వస్తుంది. పంటల మధ్య నాటిన చెట్లకు కూడా ఈ పథకంలో చోటుంది.

అక్కడి నుంచి మనకు ఏది పనికివస్తుందన్నది జాగ్రత్తగా తూచవలసిన విషయం. మన పొలాల గట్ల మీద పచ్చిరొట్ట కోసం పెంచే గ్లైరిసీడియా మధ్య అమెరికా నుంచే వచ్చింది. అక్కడ దాని కొమ్మలను వరుసగా పాతి, అవి వేళ్ళూనాక తీగ బిగించి సజీవమైన కంచెగా వాడతారు. ఇది మన మెట్ట ప్రాంతాల్లోనూ సాధ్యమే. కాని టురియాల్బాలో ఏడాది పొడుగునా తడి ఉంటుంది కనుక రాలిన ఆకు త్వరగా కుళ్ళి ఎరువవుతుంది, నెలల తరబడి వాన చూడని మన ఎర్రనేలల్లో అదే వేగాన్ని ఆశించకూడదు. అరకు కాఫీకి సిల్వర్ ఓక్ నీడ, దానికి అల్లుకున్న మిరియం రైతుకు రెండో ఆదాయం. ఆ తోటలను వెళ్ళకముందే ఒకసారి చూస్తే, పోరో చెట్టు ఇచ్చేదేమిటో, ఇవ్వనిదేమిటో మీకు తేలికగా తెలుస్తుంది.

స్పానిష్‌లో ధర, కూలి, ఎరువు, కలుపు వంటి మాటలు నేర్చుకుని వెళ్ళండి. అక్కడి రైతులు భూమిని తరచు మన్సానాల్లో చెబుతారు, ఒక మన్సానా మన లెక్కలో దాదాపు ఒకటీ ముప్పావు ఎకరాలు. ఒక తోట నుంచి మరో తోటకు పోయే ముందు బూట్ల మట్టి కడగండి, అరటిని చంపే పనామా తెగులు నేలతోనే వ్యాపిస్తుంది. డబ్బు కట్టే ముందు మాత్రం నిర్వాహకులను రోజువారీ కార్యక్రమం అడగండి. రోజుల్లో ఎక్కువ భాగం అగ్నిపర్వతాలకూ, బీచ్‌లకూ పోయి, రైతులతో కూర్చునే సమయం ఒకటి రెండు పూటలకే పరిమితమైతే, ఇంటివారి డబ్బు దానికి పెట్టవద్దనే చెబుతాను.