చీకటి పడితే దిగులు

ప్రశ్న: చలికాలం వస్తే చాలు, ఐదున్నర దాటి చీకటి పడేసరికి ఏడుపొస్తుంది. ప్రార్థన కూడా చేయలేకపోతున్నాను. నాది అల్పవిశ్వాసమా? – ఒక సోదరి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కాదు చెల్లెమ్మా. ఏలీయా అంతటి ప్రవక్త చెట్టు కింద కూలబడి చావు కోరుకుంటే, దేవదూత ఒక్క మాటా మందలించకుండా నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు తల దగ్గర పెట్టి లేచి తినమన్నాడు, తిని మళ్లీ పడుకున్నా ఏమీ అనలేదు. ఆ రొట్టె గుర్తొస్తే నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. మీరూ ముందు వేళకు తినండి, నిద్రపోండి. పగటి వెలుతురు తగ్గితే కొందరికి మనసు కుంగుతుంది, అందుకే పొద్దున్నే డాబా మీద ఎండలో నడుస్తూ 42వ కీర్తన పైకి చదవండి. సెమీ క్రిస్మస్‌కి వెళ్లండి, పాడలేకపోతే పక్కవాళ్లు పాడతారు. రెండు వారాలైనా తగ్గకపోతే డాక్టర్ని కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.