ప్రోబ్ భయంతో రెండో స్కాన్ మానకండి

ప్రశ్న: నాకు 27 ఏళ్లు, పరకాల దగ్గర ఊరు. నెల తప్పాక ఆరో వారంలో హనుమకొండలో ఒక స్కానింగ్ సెంటర్లో లోపలి నుంచి స్కాన్ చేశారు. నా ముందు ఒకామెకు వాడిన ప్రోబ్‌ను (లోపల పెట్టే స్కాన్ పరికరం) టిష్యూ పేపర్‌తో తుడిచి, కొత్త తొడుగు వేసి నాకు వాడారు. రెండు రోజులకు దురద మొదలైంది. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్ర ఒకటి వేసుకున్నా. ఆ ప్రోబ్ వల్ల ఏదైనా రోగం అంటిందా? గర్భసంచిలో ఏమీ కనిపించలేదు, పది రోజుల్లో మళ్లీ రమ్మన్నారు. భయంతో వెళ్లలేదు, పక్షం దాటింది. కుడివైపు పొత్తికడుపులో అప్పుడప్పుడు నొప్పి, కొద్దిగా ఎర్రమరక.

జవాబు: అమ్మా, మీరు అడిగింది ప్రోబ్ గురించి. నాకు భయం వేసింది మాత్రం మీరు చివర రాసిన దాని గురించి. నెల తప్పింది, గర్భసంచిలో ఏమీ లేదు, ఒక పక్క నొప్పి, మరక. ఇవన్నీ కలిస్తే గర్భం గర్భసంచిలో కాకుండా దాని పక్కనుండే ట్యూబులో ఉందేమోనని ముందు చూడాలి. అదేనని ఇక్కడి నుంచి నేను చెప్పలేను. తేదీలు అటూ ఇటూ అయి ఉండొచ్చు, గర్భం నిలవకపోయి ఉండొచ్చు. స్కాన్, 48 గంటల తేడాతో రెండుసార్లు బీటా హెచ్‌సీజీ (గర్భం హార్మోన్) రక్త పరీక్ష చేస్తేనే తేలుతుంది. తొందరగా తెలిస్తే కొందరికి ఇంజెక్షన్‌తోనే సరిపోతుంది. ట్యూబు పగిలాక వస్తే కడుపులో రక్తం నిండి ప్రాణం మీదికి వస్తుంది. అలా ఆలస్యంగా వచ్చేవాళ్లను చూసి చూసి చెబుతున్నాను: ఈ రోజే వెళ్లండి. ఆదివారం మా ఆయన వస్తాడు, అప్పుడు పోదాం అనుకోకండి. కళ్లు తిరిగినా, చెమటలు పట్టినా, భుజం నొప్పి వచ్చినా ఆటో కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక ప్రోబ్. మీరు గమనించింది చిన్న విషయం కాదు. పొట్ట మీద పెట్టే ప్రోబ్ చర్మానికే తగులుతుంది కాబట్టి జెల్ అంతా తీసేసి, దానికి తగిన క్రిమిసంహారక వైప్‌తో తుడిస్తే మామూలుగా చాలు. లోపల పెట్టేదానికి అది చాలదు. తొడుగు వేసినా సరే, ప్రతి పేషెంట్ తర్వాత హై లెవెల్ డిసిన్‌ఫెక్షన్, అంటే దాదాపు అన్ని క్రిములనూ చంపే శుద్ధి చేయాలి. తొడుగుకు కంటికి కనపడని చిల్లు ఉండొచ్చు. తీసేటప్పుడు గ్లౌజుకు అంటింది ప్రోబ్‌కు అంటొచ్చు. ముందు జెల్ మొత్తం కడగాలి. పిడి దగ్గరి గాడిలో జెల్ ఎండి తెల్లటి పొరలా మిగిలిపోతే దాని కిందికి మందు పోదు. తర్వాత ఓపీఏ అనే క్రిమిసంహారక ద్రావణంలో అయితే సాధారణంగా 12 నిమిషాలు ముంచి, నీళ్లతో బాగా కడిగి ఆరబెట్టాలి. స్పిరిట్ దూది దీనికి సాటి రాదు, కొన్ని వైరస్‌ల మీద స్పిరిట్ సరిగా పనిచేయదు. ఒకే ప్రోబ్, బయట ముప్పై మంది లైన్లో ఉన్నచోట ముందు ఎగిరిపోయేవి ఆ 12 నిమిషాలే. జనం ఎక్కువని దాన్ని నేను ఒప్పుకోను.

అయినా కొత్త తొడుగు వేశారు కాబట్టి మీకు ఏదైనా అంటుకునే అవకాశం తక్కువే. గర్భంతో ఉన్నప్పుడు ఈస్ట్ అనే ఫంగస్ వల్ల దురద రావడం మామూలే. తొడుగు రబ్బరు పడకపోయినా వస్తుంది. చూడకుండా ఏదీ తేల్చలేం, పరీక్షలు అవసరమా లేదా మీ డాక్టర్ చెబుతారు.

మాత్ర పేరు రాయలేదు. దురదకు షాపుల్లో తరచుగా ఇచ్చేది ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మాత్ర. మొదటి మూడు నెలల్లో దాన్ని నోటితో వేసుకోవద్దంటాం, దానికి బదులు లోపల పెట్టుకునే మందులు ఉన్నాయి. నెల తప్పిందని షాపతనికి చెప్పారా? ఒక్క మాత్రకే టెన్షన్ పడకండి, రెండోది మాత్రం వేసుకోకండి.

స్కాన్ గదిలోకి వెళ్లగానే "మేడమ్, ప్రోబ్ మందులో పెట్టి తీశారా?" అని అడగండి. మా దగ్గర అడిగితే జాడీ చూపిస్తాం, మూత మీద అంటించిన ప్లాస్టర్ పైన మందు పోసిన తేదీ రాసి ఉంటుంది. జవాబు నచ్చకపోతే ఇంకో సెంటర్‌కు వెళ్లండి, కానీ అదే రోజు వెళ్లండి. పాత రిపోర్టు, మాత్ర ఖాళీ స్ట్రిప్ వెంట ఉంచుకోండి. మీది నెగటివ్ బ్లడ్ గ్రూప్ అయితే ఆ మాట మొదటే చెప్పండి, తర్వాతి గర్భాల్లో బిడ్డకు రక్తం సమస్య రాకుండా ఇచ్చే యాంటీ డి ఇంజెక్షన్ అవసరం పడొచ్చు.