మెదడుకు అయస్కాంత చికిత్స తీసుకోబోతున్న మాధవికి

చిరంజీవి మాధవికి,

మాత్రలతో కుంగుబాటు తగ్గలేదని, మెదడుకు అయస్కాంత చికిత్స తీసుకోమని మానసిక వైద్యుడు చెప్పారని రాశావు. చికిత్సను చూసి భయపడకు. కోత ఉండదు, మత్తు ఇవ్వరు. అమెరికాలో 2008లోనే కుంగుబాటుకు దీన్ని అనుమతించారు. నెత్తి మీద టకటకమని చప్పుడు, కాస్త తలనొప్పి మామూలే. చెవుల్లో ప్లగ్గులు మాత్రం తప్పక పెట్టుకో.

అయితే దీని భద్రత గురించి వైద్యులకున్న అనుభవం ఎక్కువగా మూత్రపిండాలు బాగున్నవారితో వచ్చింది. నీ సంగతి వేరు, నువ్వు డయాలసిస్ మీద ఉన్నావు. డయాలసిస్ నర్సుగా ఇన్నేళ్లు చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, మీలాంటివాళ్ల రక్తం ఇవాళ ఉన్నట్టు రేపు ఉండదు. ఈ చికిత్సలో అరుదుగానైనా వచ్చే పెద్ద ప్రమాదం మూర్ఛ (ఫిట్స్). సోడియం, కాల్షియం, మెగ్నీషియం బాగా తగ్గినా, యూరియా పేరుకున్నా, బీపీ విపరీతంగా పెరిగినా అది వచ్చే అవకాశం పెరుగుతుంది. డయాలసిస్ ముగిసిన వెంటనే కూడా వద్దు. యూరియా ఒక్కసారిగా పడిపోయి తలనొప్పితో, వికారంతో, అయోమయంగా మంచం దిగినవారిని చూశాను.

కాబట్టి డయాలసిస్ లేని రోజు అడుగు. మామూలుగా వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు ఇస్తారు, నీకేమో మూడు రోజులు డయాలసిస్. రెండూ ఢీకొంటాయి. కోర్సు ఇంకొన్ని వారాలు సాగినా ఫరవాలేదు అనేది నా అభిప్రాయం, తేల్చవలసింది మీ ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని. దీనికోసం డయాలసిస్ మాత్రం ఎగ్గొట్టకు.

మొదటిరోజు తల మీద కాయిల్ (అయస్కాంత శక్తిని పంపే తీగచుట్ట) పెట్టి, బొటనవేలు కదిలేంతవరకు బలం పెంచి చూస్తారు. నీ మోతాదు ఆ కొలత మీదే ఆధారపడుతుంది. మధ్యలో మందులు మారినా, రక్తపరీక్షల్లో తేడా వచ్చినా మళ్లీ కొలవమని అడుగు. ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చే రక్తనాళం, ఉన్న చేయి ఏదో ముందే చెప్పు, దానికి బీపీ పట్టీ కట్టనివ్వకు.

మందుల జాబితా మొత్తం చూపించు. నొప్పికి ఇచ్చే ట్రమడాల్, కుంగుబాటుకు ఇచ్చే బుప్రోపియాన్ వంటివి మూర్ఛ అవకాశాన్ని పెంచుతాయి. నాకు ఎక్కువ దిగులు సెఫిపిమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ గురించి. మూత్రపిండాలకు తగ్గట్టు మోతాదు తగ్గించకపోతే అది ఒంట్లో పేరుకుని అయోమయం, మూర్ఛ తేవచ్చు. జ్వరమొచ్చి యాంటీబయాటిక్ మొదలుపెడితే ఆ రోజే అయస్కాంత చికిత్సవాళ్లకు తెలియజెయ్యి. నిద్రమాత్రలు వాడుతుంటే నీ అంతట నువ్వు ఆపవద్దు. రాత్రి నిద్ర లేకపోతే ఆ సంగతి కూడా చెప్పు, అదీ మూర్ఛకు దారితీస్తుంది.

తలలో లోహపు క్లిప్పు, వినికిడి కోసం చెవిలో అమర్చిన కాక్లియర్ పరికరం, గుండెకు పేస్‌మేకర్ ఉంటే కాయిల్ దగ్గరకు వెళ్లకముందే చెప్పాలి.

ఒకవేళ అయస్కాంతం బదులు సన్నని కరెంటు ఇచ్చే పద్ధతి అంటే, తల మీద పెట్టే తడి స్పాంజీలు ఆరిపోకుండా చూడమను. మీకు చర్మం పొడిబారి దురద ఉంటుంది. గోకిన గాట్ల మీద స్పాంజీ పెడితే చర్మం కాలే ప్రమాదం ఉంది.

రోజులు ఖరారు కాగానే డయాలసిస్ పట్టికతో సహా రాసి పంపు, కలిపి చూస్తాను.

ఆశీస్సులతో,
పిన్ని