సమాధానం: మా గద్వాల చీర ఫొటోతో వేరేవాళ్లు అమ్ముకుంటున్నారు

అన్నా, వదినగారు మీ మగ్గం మీద నేసిన గద్వాల చీర కట్టుకున్న ఫొటోను వేరే పేజీవాళ్లు ఎత్తుకెళ్లి ప్రింటు చీరలు అమ్ముతున్నారని రాశారు. టెన్షన్ పడకండి.

ఫొటో తీసింది మీరే కాబట్టి 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు మీదే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. గొడవకు దిగే ముందే లింకు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ముందే కామెంట్ పెడితే పోస్టు తీసేస్తారు, ఆధారం పోతుంది. ఒరిజినల్ ఫొటో ఫోన్‌లోనే దాచండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన కాపీలో తీసిన తేదీ వివరాలు ఉండవు. ఆ తర్వాత ఆ పేజీ ఉన్న యాప్‌లోనే కాపీరైట్ ఫిర్యాదు ఫారం నింపండి. ముఖం వాడుకున్నందుకు మాత్రం వదినగారి పేరు మీద వేరే ఫిర్యాదు పెట్టించండి. యాప్ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారి కుదరదంటే, ఆ జవాబు వచ్చిన 30 రోజుల్లోపు కేంద్ర ప్రభుత్వ గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి (అప్పీళ్లు వినే కమిటీ) ఆన్‌లైన్‌లో వెళ్లొచ్చు.

వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే 2023 డేటా రక్షణ చట్టం ఇక్కడ పనికొస్తుందా అని కూడా అడిగారు. నియమాలు 2025 నవంబరులో వచ్చినా, కంపెనీలపై అసలు బాధ్యతలు 2027 మే నుంచే.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది ‘గద్వాల’ పేరు వాడుకోవడం. దానికి జీఐ (భౌగోళిక గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు) ఉంది. నకిలీకి ఆ పేరు తగిలిస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. నూలు చీరకు పట్టు అంచు కలిసేచోట కుప్పడం అతుకును (రెండు రకాల నూలును నేతలోనే కలిపే చోటును) దగ్గరగా ఫొటో తీసి, వాళ్ల ప్రింటు చీర ఫొటో పక్కన పెట్టి జిల్లా చేనేత, జౌళి శాఖ ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి. రసీదు మర్చిపోకండి.