ప్రాక్సీ వాడితే ఏఐ చాట్‌బాట్‌తో మన చాట్ ఎవరికీ కనపడదా?

కనపడుతుంది, ప్రాక్సీ దాచేది మీ ఐపీ అడ్రస్‌ని (నెట్‌లో మీ కనెక్షన్‌ని గుర్తించే నంబర్‌ని) మాత్రమే, మీరు టైప్ చేసిన మాటల్ని కాదు. అది మధ్యలో ఉండి మీ రిక్వెస్ట్‌ని తన అడ్రస్‌తో ముందుకి పంపుతుంది అంతే, మీ ప్రశ్న కంపెనీ సర్వర్‌కి చేరితేనే కదా మోడల్ జవాబిచ్చేది, పైగా లాగిన్ అయి ఉంటే చాట్ మీ అకౌంట్‌కే ముడిపడి ఉంటుంది. ఉదాహరణకి వేరే దేశం ప్రాక్సీ పెట్టుకుని రెజ్యూమె పేస్ట్ చేసి సరిచేయమన్నారనుకోండి, ఐపీ ఆ దేశానిదే కనిపిస్తుంది కానీ అందులోని పేరు, ఫోన్ నంబర్, పాత ఉద్యోగాలు ఉన్నవి ఉన్నట్టే వెళ్ళిపోతాయి.

చాలామంది పొరబడేది ఇంకోటుంది, ప్రాక్సీలన్నీ ఒకటే అనుకుంటారు. బ్రౌజర్‌లో పెట్టుకునే మామూలు ప్రాక్సీకి మీరు ఏ సైట్‌కి వెళ్తున్నారో తెలుస్తుంది గానీ హెచ్‌టీటీపీఎస్, అంటే సైట్‌కి డేటాని ఎన్‌క్రిప్ట్ చేసి (తాళం వేసినట్టు) పంపే పద్ధతి, ఉంటే చాట్ లోపల ఏముందో చదవలేదు (ఆ ప్రాక్సీ సర్టిఫికెట్‌ని, అంటే దాన్ని నమ్మమని సిస్టమ్‌కి చెప్పే ఫైల్‌ని, మీ సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ చేసి ఉంటే మాత్రం చదవగలదు). అదే యాప్‌లో బేస్ యూఆర్‌ఎల్ (యాప్ రిక్వెస్ట్‌లు పంపే అడ్రస్) మార్చి వాడే ఏపీఐ (యాప్‌లు మోడల్‌తో మాట్లాడే దారి) ప్రాక్సీ అయితే ఎన్‌క్రిప్షన్ అక్కడే విప్పుకుంటుంది కాబట్టి మీ ప్రాంప్ట్, జవాబు, మీ ఏపీఐ కీ (మీ అకౌంట్‌తో ఏపీఐ వాడుకోనిచ్చే రహస్య కోడ్) ఇచ్చుంటే అదీ, అన్నీ దాన్ని నడిపేవాళ్ళు చూడగలరు, దాచుకోగలరు. ఎవరో ఫ్రీగా ఇస్తున్నారని అలాంటి చోట కీ పెట్టకండి, ఆల్రెడీ పెట్టేసుంటే వెంటనే డిలీట్ చేసి కొత్తది తీసుకోండి.