పిట్ట కాలికి జెండా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మే నెలలో న్యూజెర్సీలో, డెలవేర్ బే ఒడ్డున ఇటుకరంగు పొట్ట ఉన్న పిట్టలు గుంపుగా కనిపించాయి. కొన్నిటి కాళ్లకు లేతపచ్చ ప్లాస్టిక్ ముక్క, దానిమీద నల్లటి అక్షరాలు ఉన్నాయి. ఎవరికి చెప్పాలి?
– ఒక పాఠకురాలు, ఎడిసన్

జవాబు: అవి రెడ్ నాట్లు. కాలికున్న ఆ ప్లాస్టిక్ ముక్కనే జెండా అంటారు, దానిమీది అక్షరాలు ఆ పిట్టను గుర్తుపట్టే కోడ్. వీటిలో చాలా పిట్టలు దక్షిణ అమెరికా నుంచి ఆర్కిటిక్‌కు పోతూ, గుర్రపునాడా పీతల గుడ్ల కోసం అక్కడ ఆగుతాయి. దిగినప్పుడు 120 గ్రాములకు అటూ ఇటూగా ఉన్న పిట్ట మళ్లీ ఎగిరేలోపు 180కి చేరాలి. అందుకని మేత మేస్తున్న గుంపు దగ్గరికి వెళ్లకండి. ముఖ్యమైన ఒడ్లను జూన్ మొదటి వారం దాకా ఎలాగూ మూసే ఉంచుతారు.

బైనాక్యులర్‌లో రంగు తెలుస్తుంది, అక్షరాలు అందవు. ట్రైపాడ్ మీద 20–60 రెట్ల టెలిస్కోపు పెట్టి, ఎండ మీ వీపు వైపు ఉండేలా నిలబడండి. జాతి, జెండా రంగు, అక్షరాల రంగు, కోడ్, ఏ కాలు, మోకాలిలా కనిపించే కీలుకు పైనా కిందా అన్నది, తేదీ, చోటు రాసుకోండి. ఎడమ కాలు అంటే పిట్టకు ఎడమ. అది మనకు ఎదురుగా ఉన్నప్పుడు చాలామంది తప్పు రాసేది ఇక్కడే.

బురద అంటినా, అక్షరం అరిగినా 3 కాస్తా 8లా, ఇంగ్లిష్ ‘ఎఫ్’ కాస్తా ‘ఇ’లా కనిపిస్తుంది. అనుమానం ఉంటే ఆ అక్షరం దగ్గర ప్రశ్నార్థకం పెట్టండి, ఊహించి పూరించొద్దు. తప్పు కోడ్ వల్ల ఎప్పుడో చనిపోయిన పిట్ట లెక్కల్లో బతికే ఉంటుంది, బతుకుదల శాతం లేనిపోనిదిగా పెరుగుతుంది. ఇంకో పని చాలామంది వదిలేస్తారు: కాళ్లు స్పష్టంగా కనిపించిన పిట్టలు ఎన్ని, వాటిలో జెండా ఉన్నవి ఎన్ని అన్నది. మొత్తం సంఖ్యను అంచనా కట్టేది ఈ నిష్పత్తితోనే. వివరాలు బ్యాండెడ్‌బర్డ్స్ డాట్ ఆర్గ్ అనే వెబ్‌సైట్‌లో నమోదు చేయండి.

ప్రశ్న: కాకినాడ దగ్గర కాలికి నారింజ జెండా ఉన్న పిట్టను ఫొటో తీశాం. అది అర్జెంటీనా రంగని ఒకరన్నారు. నిజమా?

జవాబు: ఏ దేశానికి ఏ జెండా రంగు అని చెప్పే పట్టికలు వేరువేరుగా ఉంటాయి, ఆయన చెప్పిన పట్టిక అమెరికా ఖండాలది. అక్కడ నారింజ అర్జెంటీనాకు, పసుపు పెరూకు, తెలుపు కెనడాకు. మన తూర్పుతీరానికి వచ్చే పిట్టల్లో కొన్ని ఆసియా–ఆస్ట్రేలియా వలస దారివి. ఆ దారిలో ఒంటి నారింజ ఆస్ట్రేలియాలోని విక్టోరియాది, పసుపు వాయవ్య ఆస్ట్రేలియాది, తెలుపు న్యూజిలాండ్‌ది. రెండు జెండాలుంటే ఏది పైన, ఏది కింద అన్నదే ఊరి పేరు చెబుతుంది, కాబట్టి రెండో కాలు కూడా చూడాలి. నారింజ వెలిసి పసుపులా కనిపించడం మామూలే. ఫొటోలో రంగులు దిద్దకుండా, తీసింది తీసినట్టే ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి.

ప్రశ్న: శాటిలైట్ పరికరాలుండగా ఈ ప్లాస్టిక్ ముక్క ఎందుకు?

జవాబు: దీనికి బ్యాటరీ అక్కర్లేదు, ఖర్చు తక్కువ, వందల పిట్టలకు వేయొచ్చు. 1995లో అర్జెంటీనాలోని రియో గ్రాండేలో మొదటిసారి పట్టిన రెడ్ నాట్‌కు తర్వాత బి95 అని నారింజ జెండా వేశారు. అది 2014లో కూడా కనిపించింది. చిన్న పరికరం అంతకాలం పనిచేయదు. అయితే దారి మొత్తం గీసి చూపేది శాటిలైటే. జెండా చెప్పేది ఎవరో చూసిన చోటే. చూసేవాళ్లు లేని తీరంలో అది మూగదే.

జెండా అంటే కాలి చుట్టూ వంచి, చివరలను అతికించిన ప్లాస్టిక్ పట్టీ. బిగుతుగా ఉంటే కాలు ఒరుసుకుపోతుంది, మరీ వదులైతే కీలు మీదికి జారుతుంది. అతుకు ఊడితే జెండా రాలిపోతుంది, అందుకే నంబరున్న లోహపు రింగు కూడా వేస్తారు. కాలికి ఆ రింగు ఉన్న చచ్చిన పిట్ట దొరికితే వట్టి చేతులతో ముట్టుకోకండి. రింగు చుట్టూ ఉన్న అక్షరాలన్నీ పడేలా ఫొటోలు తీసి, దొరికిన చోటు, తేదీతో పంపండి.