ఏళ్లనాటి నొప్పితో వచ్చే పేషెంట్ల గురించి

అమ్మా,

ఏళ్ల తరబడి నొప్పితో తిరుగుతున్నవాళ్లు నీ దగ్గరికి ఫిజియోథెరపీకి వస్తే ఏం చేయాలో తోచడం లేదని, అలాంటి ఒకావిడ గురించి కూడా రాశావు. మడమ బెణికినవాళ్లకీ, ఆపరేషన్ తర్వాత మోకాలు వంచాల్సినవాళ్లకీ పనికొచ్చిన పద్ధతులు వీళ్ల దగ్గర తేలిపోతున్నాయంటే నీ చేతుల్లో లోపం ఉందని కాదు. మూడు నెలలు దాటి నిలిచిపోయిన నొప్పి తీరే వేరు.

ముందు వినాలి. మొదటి సిటింగ్ మొత్తం మాటలకే పోయినా పర్లేదు. "ఎక్కడ నొప్పి" అని మొదలుపెట్టకుండా "మొదటినుంచీ చెప్పండి" అని ఊరుకో, మధ్యలో అందుకోకు. నీ దగ్గరికి వచ్చేసరికే వాళ్లు చాలామందికి చూపించుకుని ఉంటారు. రిపోర్టులో ఏమీ లేదు, అంతా మీ మనసులోనే అని ఒకరు, డిస్కు అరిగిపోయింది, ఇక వంగకండి అని ఇంకొకరు చెప్పి ఉంటారు. మొదటి మాట మనిషిని అవమానిస్తుంది, రెండోది భయపెడుతుంది, రెండూ నొప్పిని పెంచేవే. నొప్పి మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంఘం 2020లో సవరించిన నిర్వచనం కూడా నొప్పి శరీరానికీ మనసుకూ సంబంధించిన అనుభవమనే చెబుతుంది, కణజాలం దెబ్బతిన్న ఆనవాలు ఉంటేనే నొప్పి నిజమని ఎక్కడా అనదు. అందుకే మొదటిరోజే, మొహమాటం లేకుండా, "మీ నొప్పి నిజం, నేను నమ్ముతున్నాను" అని చెప్పు. దానికి మించిన మందు నీ దగ్గర ఆరోజు ఇంకేమీ ఉండదు.

వినేటప్పుడు ఒక చెవి ప్రమాద సూచనల మీద ఉంచు. మూత్రం, మలం మీద అదుపు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి, రెండు కాళ్లలో బలం తగ్గిపోతుండటం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా వెంటనే ఎమర్జెన్సీకి పంపాలి. కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, గతంలో క్యాన్సర్ ఉండటం లాంటివైతే ముందు డాక్టరుకి చూపించాలి. పాత నొప్పే కదా అని కొత్త లక్షణాన్ని దాటేయకూడదు.

ఆ తర్వాత పరీక్ష. ఇక్కడ నీ బుర్రలో మూడు ప్రశ్నలు తిరగాలి. నొప్పి కీలు, కండరం, కణజాలం నుంచి వస్తోందా, నరం దెబ్బతినడం వల్ల వస్తోందా, లేక నాడీవ్యవస్థే అతిగా స్పందించడం అలవాటు చేసుకుందా? ఈ మూడో దాన్నే 2017 నుంచి నోసిప్లాస్టిక్ నొప్పి అంటున్నారు. మంట, కరెంటు కొట్టినట్టుండటం, తిమ్మిరి, దూదితో తాకినా నొప్పి, ఇవన్నీ ఒకే నరం దారిలో ఉంటే నరం మీద అనుమానం పెట్టుకో. నొప్పి ఒకచోట మొదలై ఒళ్లంతా పాకి, నిద్ర పాడై, వెలుతురూ చప్పుడూ కూడా భరించలేనంటే మూడోది ఆలోచించు. సన్నని మొనతో ఒకేచోట, ఒకే ఒత్తిడితో పదిసార్లు తాకి చూడు, పదోసారికి నొప్పి బాగా పెరిగితే అదీ ఒక గుర్తే. చాలామందిలో ఈ మూడూ కలగలిసే ఉంటాయి కాబట్టి ఒక్క పేరు తగిలించేయాలని తొందరపడకు.

స్కాన్ రిపోర్టుకి దాసోహమనకు. నొప్పి అనేదే లేని 20 ఏళ్లవాళ్లలో సుమారు 37 శాతం మందికి, 80 ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల స్కాన్‌లో కనబడుతుందని 2015లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. ఈ మాట పేషెంటుకి చెప్పినప్పుడు మొహంలో వచ్చే తేలికదనం చూస్తే, ఇన్నాళ్లూ ఆ రిపోర్టు ఎంత బరువుగా ఉందో నీకే తెలుస్తుంది.

భయాన్ని కూడా కొలవాలి. కదలడమంటే ఎంత భయముందో తెలుసుకోవడానికి 17 వాక్యాల టాంపా స్కేలు అనే ప్రశ్నపత్రం ఉంది, వాడు. కానీ కాగితం నింపించి ఫైల్లో పెట్టేస్తే లాభం లేదు. "వంగితే ఏమవుతుందని మీ భయం?" అని అడుగు.

ఇక ట్రీట్‌మెంట్. మసాజ్, చేతులతో చేసే టెక్నిక్‌లు, కరెంటు పెట్టడం తాత్కాలికంగా ఊరటనిస్తాయి, వాడుకో, కానీ వాటి మీదే ఏడాది నడిపితే పేషెంటు నీ టేబుల్ మీద ఆధారపడిపోతుంది. అసలు పని కదలికతోనే జరగాలి, అది కూడా లెక్క ప్రకారం. వీళ్లలో ఎక్కువమంది ఒంట్లో బాగున్న రోజు పేరుకున్న పనంతా చేసేసి, తర్వాత కొన్ని రోజులు మంచం దిగరు. దీన్ని ఆపాలంటే ఎంత చేయాలన్నది నొప్పి కాకుండా గడియారం నిర్ణయించాలి. మూడు రోజుల్లో పేషెంటు పది, ఆరు, ఎనిమిది నిమిషాలు నడవగలిగిందనుకో, సగటు ఎనిమిది, నువ్వు ఆరుతో మొదలుపెట్టించు. బాగున్న రోజూ ఆరే, బాగాలేని రోజూ ఆరే. అది స్థిరపడ్డాకే ఇంకో నిమిషం. మామూలుగా ఎక్సర్‌సైజ్ నొప్పిని కాసేపు తగ్గిస్తుంది, కానీ వీళ్లలో కొందరికి ఆరోజు పెరుగుతుంది కూడా. ఆ సంగతి ముందే చెప్పు, లేకపోతే మళ్లీ ఏదో తెగిందనుకుని కంగారుపడతారు. పెరిగినరోజు ఏం చేయాలో, ఎంత తగ్గించి ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో కలిసి కూర్చుని రాసుకోండి.

నిద్ర సంగతి ప్రతిసారీ అడుగు. దిగులు బాగా ఎక్కువగా ఉంటే, చచ్చిపోవాలనిపిస్తోందనే మాట వస్తే, నువ్వొక్కదానివే మోయకు, అదేరోజు మానసిక వైద్యులకు అప్పగించు.

నువ్వు రాసిన ఆవిడ విషయంలో నొప్పి పదికి ఎంత అని ప్రతి సిటింగ్‌లో అడగడం మానేయి. ఎనిమిదినుంచి ఆరుకి దిగితే మంచి మార్పే, కానీ ఆ అంకె చుట్టూనే తిరిగితే తన దృష్టంతా నొప్పి మీదే ఉంటుంది. ఈ నొప్పి వల్ల మానేసిన పనులు మూడు చెప్పమను. మనవణ్ణి ఎత్తుకోవడమో, గుడి మెట్లెక్కడమో, ఏదైనా సరే ఆవిడ నోటివెంటే రావాలి. ఒక్కోదాన్నీ ఎంతవరకు చేయగలుగుతున్నారో సున్నా నుంచి పదిలో అంకె వేయించి, ఆ కాగితం మీద తేదీ రాసి ఉంచు. ఆరు వారాల తర్వాత అవే మూడు మళ్లీ అడిగి, ఏం వచ్చిందో నాకు రాయి.